పాస్‌వర్డ్ ఒక్కటే చాలదంటున్న మెయిల్ సర్వర్: ఆఫీసులోని పాత యాప్‌లను ఎలా సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న
రాసినవారు: మిర్చియార్డు_లెక్కలు

అందరికీ నమస్కారం. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థలో నేను లెక్కలు చూస్తాను. కంప్యూటర్ల చదువు చదివినవాణ్ని కాదు. అయినా ప్రింటర్ మొరాయించినా, మెయిల్ తెరుచుకోకపోయినా ఆఫీసులో అందరూ నా వైపే చూస్తారు కనుక ఆ పని కూడా నా మీదే పడింది.

మా డొమైన్ పేరు మీద ఉన్న ఆరు మెయిల్‌బాక్సులను ఒక హోస్టింగ్ సంస్థ నడుపుతోంది. వారి నుంచి గత వారం ఒక నోటీసు వచ్చింది. మార్చి 1 నుంచి ప్రతి మెయిల్‌బాక్సుకూ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ కూడా అడగడం) తప్పనిసరి అవుతుందనీ, ఖాతా పాస్‌వర్డ్ ఒక్కటే చూపించి లోపలికి వచ్చే మెయిల్ యాప్‌లను సర్వర్ ఇక అనుమతించదనీ, దారిలో ఎవరూ చదవకుండా మెయిల్‌ను గుప్తీకరించే టీఎల్‌ఎస్ పద్ధతిలో 1.2 కంటే పాత వెర్షన్‌తో వచ్చే కనెక్షన్లను తిరస్కరిస్తుందనీ అందులో ఉంది. యాప్‌లు ‘ఓఆత్ లేదా యాప్ పాస్‌వర్డ్’ వాడాలని చివర ఒక్క ముక్క రాసి వదిలేశారు. మార్చి అంటే యార్డుకు సరుకు ముమ్మరంగా వచ్చే కాలం. ఆ రోజుల్లో ఒక్క పూట మెయిల్ ఆగినా కొనుగోలుదారుల నుంచి వచ్చే ఆర్డర్లూ, ఓడ పత్రాలూ ఆగిపోతాయి.

మా దగ్గర ఉన్న సరంజామా ఇది. ఐదు కంప్యూటర్లలో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం ఉంది. షావుకారు గారి కంప్యూటర్ విండోస్ 7, అందులో అవుట్‌లుక్ 2013. ఆయన మెయిల్ అంతా పాప్ పద్ధతిలో (సర్వర్ నుంచి ఉత్తరాలను కంప్యూటర్‌లోకి దింపుకునే పద్ధతి) దిగి, పదేళ్లకు పైబడిన ఉత్తరాలు ఆ ఒక్క యంత్రంలోనే ఉన్నాయి. ఒక పెద్ద స్కానర్ పత్రాలను నేరుగా మెయిల్ చేస్తుంది. బిల్లుల సాఫ్ట్‌వేర్ ఇన్‌వాయిస్‌లను తనంతట తానే పంపుతుంది. ఎగుమతుల మెయిల్‌బాక్సును నలుగురం ఒకే పాస్‌వర్డ్‌తో వాడుతున్నాము. ఆ పాస్‌వర్డ్ గోడ మీది క్యాలెండర్ వెనుక రాసి ఉంటుందని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అదే మెయిల్‌బాక్సును షావుకారు గారి అబ్బాయి డాలస్ నుంచి తన ఫోనులో చూసుకుంటారు. ఇవి కాక రెండు పాత జీమెయిల్ ఖాతాలు, ఒక అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతా ఉన్నాయి. ఈ చివరిది 2024లో ఒకనాడు థండర్‌బర్డ్‌లో పనిచేయడం మానేసింది. అప్పటి నుంచి దాన్ని బ్రౌజర్‌లోనే చూస్తున్నాము, కారణం మాత్రం ఈనాటికీ తెలియదు.

నేను అడగదలచినవి ఇవి. ఓఆత్‌కూ యాప్ పాస్‌వర్డ్‌కూ తేడా ఏమిటి, ఏది ఎక్కడ వాడాలి? ఓటీపీ అడిగితే స్కానర్ ఎలా చెబుతుంది? నలుగురు వాడే మెయిల్‌బాక్సుకు ఎవరి ఫోను ముడిపెట్టాలి? అన్నిటికంటే ముందు ఏ పని మొదలుపెట్టాలి?

జవాబు 1
రాసినవారు: కృష్ణలంక_సర్వర్

నమస్కారమండి. ఒక కళాశాలలో చాలా ఏళ్లుగా మెయిల్ సర్వర్ల పని చూస్తున్నాను కనుక ఈ తలనొప్పి నాకు బాగా పరిచయం. మీ నోటీసులో ఉన్నది ఒక షరతు కాదు, మూడు వేర్వేరు షరతులు. రెండంచెల ధ్రువీకరణ మనుషులకు సంబంధించినది, యాప్ లోపలికి వచ్చే తీరు సాఫ్ట్‌వేర్‌కు సంబంధించినది, టీఎల్‌ఎస్ యంత్రానికి సంబంధించినది. ఒక పరికరం మొదటి రెండింటినీ దాటి మూడోదాని దగ్గర ఆగిపోవచ్చు. మీ స్కానర్ విషయంలో నా అనుమానం సరిగ్గా అదే.

ఇది మీ హోస్టింగ్ సంస్థ కొత్తగా కనిపెట్టిన నియమమేమీ కాదు. ఐక్లౌడ్ మెయిల్‌ను ఇతర యాప్‌లలో చూడాలంటే ప్రత్యేక పాస్‌వర్డ్ ఉండాలని యాపిల్ 2017 జూన్ 15 నుంచే పట్టుబట్టింది. యాహూ 2020 అక్టోబరులో, మామూలు జీమెయిల్ ఖాతాలకు గూగుల్ 2022 మే 30న, ఖాతా పాస్‌వర్డ్ ఒక్కటే చూపించి వచ్చే ఈ తలుపు మూశాయి. సంస్థలు వాడే ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ మెయిల్ సేవలో మైక్రోసాఫ్ట్ 2022 అక్టోబరు 1 నుంచి మూయడం మొదలుపెట్టి, వ్యక్తిగత అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు 2024 సెప్టెంబరు 16ను గడువుగా పెట్టింది. మీ ఖాతా 2024లో ఆగిపోవడానికి చాలావరకు ఇదే కారణం అయి ఉంటుంది. థండర్‌బర్డ్‌లో ఆ ఖాతా సర్వర్ సెట్టింగ్స్‌కు వెళ్లి, ఆథెంటికేషన్ మెథడ్ దగ్గర ‘నార్మల్ పాస్‌వర్డ్’ బదులు ‘ఓఆత్2’ ఎంచుకోండి. పంపే సర్వర్‌కు కూడా విడిగా అదే మార్పు చేయాలి. చాలామంది ఈ రెండోది మరచిపోయి, ఉత్తరాలు వస్తున్నాయి కానీ వెళ్లడం లేదని వాపోతుంటారు.

ఇంత పట్టు ఎందుకంటే, మెయిల్ చూడడానికి వాడే ఐమ్యాప్, పాప్, పంపడానికి వాడే ఎస్‌ఎంటీపీ పద్ధతుల్లో యాప్ కనెక్ట్ అయిన ప్రతిసారీ పేరూ పాస్‌వర్డూ సర్వర్‌కు పంపుతుంది. మధ్యలో ఆగి ‘మీ ఫోనుకు వచ్చిన అంకెలు చెప్పండి’ అని అడగడానికి ఆ సంభాషణలో చోటు లేదు. బ్రౌజర్‌లో ఎంత గట్టి ఓటీపీ పెట్టినా, పాస్‌వర్డ్ తెలిసిన దొంగ ఐమ్యాప్ ద్వారా నేరుగా లోపలికి వస్తాడు. వీధి తలుపుకు రెండు తాళాలు వేసి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచడం వంటిది అది.

ఆ పెరటి తలుపు మూయడానికి రెండు దారులు ఉన్నాయి. ఓఆత్‌లో మీ పాస్‌వర్డ్ యాప్‌కు అసలు తెలియదు. యాప్ మెయిల్ సంస్థవారి సొంత పేజీని తెరుస్తుంది, పాస్‌వర్డూ ఓటీపీ మీరు అక్కడ ఇస్తారు, ఆ సంస్థ యాప్ చేతికి ఒక టోకెన్ ఇస్తుంది. గూగుల్ ఇచ్చే యాక్సెస్ టోకెన్ ఒక గంట చెల్లుతుంది. గడువు తీరగానే తన దగ్గరున్న రిఫ్రెష్ టోకెన్ చూపించి యాప్ కొత్తది తెచ్చుకుంటుంది కనుక, మీకు ఆ సంగతే తెలియదు. యాప్ పాస్‌వర్డ్ దీనికంటే మొరటు పద్ధతి. ఒక యాప్ కోసం సర్వరే ఒక పొడవైన పాస్‌వర్డ్ తయారుచేసి ఇస్తుంది. గూగుల్ ఇచ్చేది 16 అక్షరాలది. అది తెరమీద ఒక్కసారే కనిపిస్తుంది, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్న ఖాతాకే దొరుకుతుంది. యాప్ దృష్టిలో అది మామూలు పాస్‌వర్డే, అందుకే ఎంత పాత యాప్ అయినా దాన్ని మింగగలదు.

ఇక మీ ఆఖరి ప్రశ్నే నా దృష్టిలో అసలు ప్రశ్న. దేన్నీ మార్చకముందు ఒక కాగితం పట్టుకుని ఆఫీసంతా తిరగండి. మెయిల్ చూసే లేదా పంపే ప్రతి వస్తువు దగ్గరా ఆగి, ఏ మెయిల్‌బాక్సు, ఏ యాప్, దాని వెర్షన్ ఎంత, ఐమ్యాపా పాపా, పోర్టు నంబరు ఎంత, ఎవరు వాడుతున్నారు అన్నవి రాసుకోండి. మనుషులు వాడేవాటితో పెద్ద చిక్కు ఉండదు, ఆగిపోతే వెంటనే ఎవరో ఒకరు మొరపెట్టుకుంటారు. మనిషి లేకుండా తమంతట తాము మెయిల్ పంపే యంత్రాలే మోసం చేస్తాయి. బిల్లులు వెళ్లడం లేదన్న సంగతి పది రోజుల తరువాత బాకీ అడిగినప్పుడు బయటపడుతుంది.

మరొక మాట. మీ డొమైన్ మెయిల్ నిజంగా ఎవరి దగ్గర ఉందో తెలుసుకోండి. కొన్ని హోస్టింగ్ సంస్థలు గూగుల్ సేవనో మైక్రోసాఫ్ట్ సేవనో కొని తిరిగి అమ్ముతుంటాయి. మీ డొమైన్‌కు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు చూస్తే సంగతి తేలుతుంది. అందులో గూగుల్ పేరో అవుట్‌లుక్ పేరో ఉంటే ఓఆత్ దొరుకుతుంది. హోస్టింగ్ సంస్థ సొంత సర్వర్ పేరు ఉంటే వారినే అడగాలి.

జవాబు 2
రాసినవారు: కోల్డ్‌స్టోరేజీ_కబుర్లు

పై జవాబు బాగుంది కానీ, పదిమంది లేని ఆఫీసుకు ఇంత గ్రంథం అవసరమా అని నా సందేహం. మా దుకాణంలో నేను చేసింది చెబుతాను. జీమెయిల్‌లో రెండంచెల ధ్రువీకరణ పెట్టాను, ఒక యాప్ పాస్‌వర్డ్ తీసుకున్నాను, కంప్యూటర్లు, ప్రింటర్, బిల్లుల సాఫ్ట్‌వేర్ అన్నింటిలో పాత పాస్‌వర్డ్ ఉన్న చోట దాన్ని అతికించాను. అరగంట పని. రెండేళ్లుగా ఏ ఇబ్బందీ లేదు. షావుకారు గారి అవుట్‌లుక్ 2013కు జీమెయిల్‌తో ఓఆత్ ఎలాగూ చేతకాదు కనుక, అందరికీ ఒకే పద్ధతి ఉంటే గుర్తుంచుకోవడమూ తేలిక.

జవాబు 3
రాసినవారు: ప్రవాస_ప్రోగ్రామర్

కోల్డ్‌స్టోరేజీ గారి అనుభవాన్ని కాదనను. అయితే ఒకే యాప్ పాస్‌వర్డ్‌ను అన్నిచోట్లా అతికించడం అంటే పాత పాస్‌వర్డ్‌కే కొత్త పేరు పెట్టడం. యాప్ పాస్‌వర్డ్ ఓటీపీ అడగకుండానే లోపలికి పంపుతుంది, మెయిల్‌బాక్సు మొత్తాన్ని చూపిస్తుంది. రేపు ఆ ప్రింటర్‌ను పాతసామాన్లకు అమ్మితే, దాని మెమరీలో ఉన్న పాస్‌వర్డ్ కూడా దానితోపాటే వెళుతుంది. అప్పుడు దాన్ని రద్దు చేస్తే దుకాణంలో ఉన్నవన్నీ ఒక్కసారిగా ఆగుతాయి, చేయకపోతే తలుపు తెరిచే ఉంటుంది. పరికరానికి ఒకటి చొప్పున తీసుకుని, ‘స్కానర్’, ‘బిల్లులు’, ‘కౌంటర్ కంప్యూటర్’ అని పేర్లు పెట్టుకుంటే, పోయినదాన్ని ఒక్కదాన్నే కోసివేయవచ్చు. యాప్ పాస్‌వర్డ్ వల్ల ఏదైనా మేలు ఉందంటే అది ఇదొక్కటే. దాన్నీ వదులుకుంటే ఈ శ్రమంతా దేనికి?

ఓఆత్ దొరికే చోట ఓఆతే మేలు. అయితే అది అన్నిచోట్లా దొరకదన్న సంగతి కృష్ణలంక గారు సగమే చెప్పారు. ఓఆత్ పనిచేయాలంటే ఆ యాప్‌ను తయారుచేసినవారు ముందుగా మెయిల్ సంస్థ దగ్గర తమ యాప్‌ను నమోదు చేయించుకుని ఉండాలి. థండర్‌బర్డ్‌లో గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ వంటి పెద్ద సంస్థల వివరాలు లోపలే పొందుపరిచి ఉన్నాయి. ఆ జాబితాలో లేని చిన్న హోస్టింగ్ సంస్థ తాను ఓఆత్ ఇస్తున్నానని చెప్పినా, థండర్‌బర్డ్‌కు దానితో మాట్లాడడం మామూలుగా తెలియదు. కనుక నోటీసులో ‘ఓఆత్ లేదా యాప్ పాస్‌వర్డ్’ అని రాసినంత మాత్రాన మీకు రెండూ అందుబాటులో ఉన్నట్టు కాదు. మార్చి వచ్చేదాకా ఆగకుండా ఈ ప్రశ్నను ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.

జీమెయిల్ ఖాతాల విషయంలో మూడు సంగతులు గుర్తుంచుకోండి. థండర్‌బర్డ్‌లో కుకీలను నిలిపివేసి ఉంటే గూగుల్ సైన్ ఇన్ కిటికీ ఖాళీగా కనిపించి ఆగిపోతుంది. ఖాతా పాస్‌వర్డ్ మార్చిన రోజున అప్పటిదాకా ఇచ్చిన మెయిల్ టోకెన్లూ యాప్ పాస్‌వర్డులూ రద్దవుతాయి. అందుచేత పాస్‌వర్డ్ మార్చాలనుకుంటే ముందు అది మార్చి, ఆ తరువాతే యాప్‌లను కలపండి, లేకపోతే ఒకే పని రెండుసార్లు అవుతుంది. ఇక మీ బంధువుల కుర్రవాడెవరైనా గూగుల్ దగ్గర సొంతంగా ప్రాజెక్టు నమోదు చేసి స్క్రిప్టు రాసి ఇస్తానంటే, ఆ ప్రాజెక్టు ‘టెస్టింగ్’ స్థితిలో ఉన్నంతకాలం దాని రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే చెల్లకుండా పోతుందని ముందే చెప్పండి. వారం వారం సోమవారం ఆగిపోయే స్క్రిప్టుల వెనుక ఉండే రహస్యం ఇదే.

డాలస్‌లో ఉన్న అబ్బాయి గురించి కూడా ఒక మాట. నేనూ ఆ పరిస్థితి నుంచే వచ్చాను కనుక చెబుతున్నాను. ఓటీపీ గుంటూరులోని ఫోనుకు ఎస్ఎంఎస్‌గా వచ్చేట్టు పెడితే, ఆయన అక్కడ పగటిపూట మెయిల్ తెరవబోయినప్పుడు ఇక్కడ అర్ధరాత్రి షావుకారు గారిని నిద్ర లేపవలసి వస్తుంది. ఇండియా నంబరు పెట్టుకుని విదేశానికి వెళితే రోమింగ్ లేక ఎస్ఎంఎస్ రాదు. వాడకుండా వదిలేసిన నంబరు కొంతకాలానికి మరొకరి చేతికి వెళుతుంది, అది ఇంకా ప్రమాదం. ఆథెంటికేటర్ యాప్‌కు సిమ్‌తో గానీ సిగ్నల్‌తో గానీ పని లేదు. సర్వరూ ఫోనూ ముందుగా పంచుకున్న ఒక రహస్య సంఖ్యకు అప్పటి సమయాన్ని జోడించి, సాధారణంగా 30 సెకన్లకొకసారి ఆరంకెలు తయారుచేస్తాయి. ఫోను గడియారం సరిగ్గా ఉంటే చాలు. గడియారం కొద్ది నిమిషాలు తేడా ఉన్నా అంకెలు తప్పు అంటుంది, దానికి కంగారుపడనవసరం లేదు.

మిర్చియార్డు_లెక్కలు

ముగ్గురికీ ధన్యవాదాలు. కృష్ణలంక గారు చెప్పినట్టు కాగితం పట్టుకుని రెండు రోజులు తిరిగాను. పదకొండు వస్తువులు ఉంటాయనుకుని బయలుదేరితే పదహారు తేలాయి. కోల్డ్ స్టోరేజీ దగ్గరున్న మా మనిషి ఫోనులోనూ, రెండేళ్ల క్రితం మానేసిన గుమాస్తా అల్మారాలో వదిలేసిన ట్యాబ్‌లోనూ ఎగుమతుల మెయిల్‌బాక్సు ఇంకా తెరుచుకునే ఉంది. ఆ ట్యాబ్‌కు ఛార్జింగ్ పెట్టగానే ఆ వేళ ఉదయం వచ్చిన ఉత్తరాలు గలగలా దిగిపోవడం చూసి నాకు నోట మాట రాలేదు. ఆ మానేసిన గుమాస్తా సొంత ఫోనులో కూడా ఉండి ఉంటే నాకు తెలిసే దారే లేదు కదా.

ఎంఎక్స్ రికార్డులో ఉన్నది హోస్టింగ్ సంస్థ సొంత సర్వరే. వారికి రాస్తే, ఓఆత్ బ్రౌజర్‌కూ తమ సొంత మొబైల్ యాప్‌కూ మాత్రమే ఉందనీ, థండర్‌బర్డ్, అవుట్‌లుక్ వంటివాటికి యాప్ పాస్‌వర్డే దారి అనీ, ఒక్కో మెయిల్‌బాక్సుకు పరికరానికి ఒకటి చొప్పున ఎన్నైనా తీసుకోవచ్చనీ జవాబిచ్చారు. ప్రవాస గారి అనుమానమే నిజమైంది. ఫిబ్రవరి నెలంతా పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ పనిచేస్తాయట.

స్కానర్ సంగతి మాత్రం తెగలేదు. దాని సెట్టింగుల పేజీలో టీఎల్‌ఎస్ 1.0 అన్న ఒక్క ఎంపికే ఉంది, దాని లోపలి సాఫ్ట్‌వేర్‌కు (ఫర్మ్‌వేర్) కొత్త వెర్షన్ రాదని సర్వీసువారు చెప్పారు. మెయిల్ బదులు కంప్యూటర్‌లోని ఫోల్డర్‌కు పంపుకోమని అంటూ, దానికి విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ‘ఎస్ఎంబీ 1’ అనే పాత సౌకర్యాన్ని ఆన్ చేయమన్నారు. చేయవచ్చా? నలుగురి మెయిల్‌బాక్సు, షావుకారు గారి విండోస్ 7 కూడా అలాగే మిగిలాయి.

కృష్ణలంక_సర్వర్

ఎస్ఎంబీ 1 మాత్రం ఆన్ చేయకండి. 2017 మేలో ప్రపంచమంతా ఆసుపత్రులనూ ఆఫీసులనూ ముంచిన వానాక్రై వైరస్ పాకింది ఆ పాత తలుపు గుండానే. అదే ఏడాది చివరి నుంచి విండోస్ 10 కొత్త వెర్షన్లలో మైక్రోసాఫ్ట్ దాన్ని ముందుగా అమర్చి ఇవ్వడమే మానేసింది. మెయిల్ భద్రత కోసమని బయలుదేరి ఆఫీసు నెట్‌వర్క్ మొత్తానికి గండి కొట్టుకున్నట్టు అవుతుంది.

స్కానర్‌కు నాకు తెలిసిన దారులు రెండు. ఒకటి, పెన్ డ్రైవ్‌లోకి స్కాన్ చేసి పక్క కంప్యూటర్ నుంచి పంపడం. రోజుకు పది పత్రాలకు మించకపోతే నేనైతే ఇంతటితో ఆగుతాను. రెండోది, ఆఫీసులో ఎప్పుడూ నడిచే ఒక కంప్యూటర్‌లో చిన్న మెయిల్ రిలే పెట్టడం. స్కానర్ తన ఉత్తరాన్ని ఆఫీసు లోపలే ఆ రిలేకు అందిస్తుంది, రిలే దాన్ని టీఎల్‌ఎస్ 1.2తో, యాప్ పాస్‌వర్డ్‌తో బయటి సర్వర్‌కు చేరుస్తుంది. ఆ రిలే స్కానర్ చిరునామా నుంచి తప్ప మరెవరి నుంచీ ఉత్తరాలు తీసుకోకూడదు, ఇంటర్నెట్ వైపు అసలు కనిపించకూడదు. ఆ జాగ్రత్త పడగల మనిషి దగ్గర లేకపోతే ఈ దారి తొక్కకండి. తెరిచి వదిలేసిన రిలే దొరికితే స్పామ్ పంపేవారికి పండగే.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో, అవుట్‌లుక్ 2013కు 2023 ఏప్రిల్ 11తో ముగిసింది. విండోస్ 7కు టీఎల్‌ఎస్ 1.2 తెలుసు, కానీ అవుట్‌లుక్ వంటి ప్రోగ్రాములు దాన్ని వాడుకునేట్టు చేయాలంటే అదనపు అప్‌డేటూ, రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చోటు) మార్పులూ కావాలి. థండర్‌బర్డ్ మాత్రం గుప్తీకరణ కోసం విండోస్ మీద ఆధారపడదు, తన సరంజామా తానే తెచ్చుకుంటుంది. విండోస్ 7 మీద నడిచే ఆఖరి పెద్ద వెర్షన్ థండర్‌బర్డ్ 115. దాన్ని పెట్టి మార్చి గడువు దాటవచ్చు కానీ, కొత్త భద్రతా సవరణలు అందని యంత్రంలో సంస్థ యజమాని మెయిల్ ఉండడం నాకు ససేమిరా నచ్చదు. సీజను రాబడిలో నుంచి ఒక కొత్త కంప్యూటర్ కొనిపించండి.

కంప్యూటర్ మార్చేముందు ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. పాప్‌లో దిగిన ఉత్తరాలు సర్వర్‌లో ఉన్నాయనుకోకండి. అవుట్‌లుక్‌ను మూసేసి, అది ఉత్తరాలను దాచుకునే పీఎస్‌టీ ఫైలును రెండు వేర్వేరు డిస్కుల్లోకి నకలు తీయండి, ఆ నకలు మరొక కంప్యూటర్‌లో తెరుచుకుంటుందో లేదో చూడండి, ఆ తరువాతే ఖాతా సెట్టింగులను తాకండి. లోపలికి రానివ్వడం లేదని ఖాతాను తొలగించి మళ్లీ చేర్చడం మన వాళ్లకు ఒక అలవాటు. అలా తొలగించేటప్పుడు అడిగే ప్రశ్నకు సరిగా చదవకుండా ‘అవును’ కొట్టి, పదేళ్ల ఉత్తరాలు పోగొట్టుకున్నవారిని చూశాను.

ఎగుమతుల మెయిల్‌బాక్సు విషయంలో, ఎవరి ఫోను ముడిపెట్టాలన్న ప్రశ్న పుట్టడమే అది నలుగురి చేతిలో ఒకే తాళంచెవిగా ఉండటం వల్ల. ఆ చిరునామాను నలుగురి సొంత మెయిల్‌బాక్సులకూ నకళ్లు పంపే గ్రూపుగా మార్చగలరేమో హోస్టింగ్ వారిని అడగండి. అలా చేస్తే ఎవరి పాస్‌వర్డ్ వారిది, ఎవరి ఆథెంటికేటర్ వారిది, మానేసినవారి పేరు తీసేస్తే సరిపోతుంది. పాత ఉత్తరాలు అందరూ కలిసి చూడవలసి ఉండి మెయిల్‌బాక్సుగానే ఉంచాలంటే, ఆథెంటికేటర్ అమర్చేటప్పుడు తెరమీద వచ్చే క్యూఆర్ కోడ్‌ను షావుకారు గారి ఫోనులోనూ మీ ఫోనులోనూ ఒకేసారి అప్పుడే స్కాన్ చేయండి, రెండు ఫోన్లూ ఒకే అంకెలు చూపిస్తాయి. మిగతావారికి ప్రధాన పాస్‌వర్డ్ అక్కర్లేదు, వారి వారి పరికరాలకు మీరు యాప్ పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వండి. జీమెయిల్ ఖాతాలకైతే ‘డెలిగేట్’ సౌకర్యం ఉంది. మామూలు ఖాతాలో పదిమంది దాకా తమ తమ సొంత ఖాతాల నుంచే బ్రౌజర్‌లో దాన్ని తెరవవచ్చు.

పనుల వరుస గురించి అడిగారు. ఫిబ్రవరి మొదటి వారంలో ప్రధాన పాస్‌వర్డులు మార్చండి, దానితో ఆ మానేసిన గుమాస్తా ఫోను కూడా ఎక్కడున్నా ఆగిపోతుంది. అదే రోజున ఆథెంటికేటర్ పెట్టి, యాప్ పాస్‌వర్డులు ఇచ్చేయండి. అయితే ఆ పని ఆదివారం చేయండి, కారణం చెబుతాను. మా కళాశాలలో ఇలాగే పాస్‌వర్డులు మార్చిన మర్నాడు ఆఫీసులో ఎవరికీ మెయిల్ రాలేదు. సగం రోజు వెతికితే, ఒక బీరువాలో ఎవరో మరచిపోయిన ఫోను నిమిషానికొకసారి పాత పాస్‌వర్డ్‌తో తలుపు తడుతున్నట్టు తేలింది. అన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ వచ్చేసరికి సర్వర్ దాన్ని దాడి అనుకుని ఆ ఇంటర్నెట్ చిరునామానే నిషేధించింది. ఆఫీసులో అందరిదీ బయటికి ఒకే చిరునామా కనుక అందరూ కట్టకట్టుకుని బయట నిలబడ్డాము. మీ పదహారులో ఒక్కటి మరచినా మీకూ అదే అవుతుంది. ఆ అల్మారాలోని ట్యాబ్‌ను ముందు ఆపేయండి.

కోల్డ్‌స్టోరేజీ_కబుర్లు

బీరువాలోని ఫోను కథ చదివాక నా అరగంట పని మీద నాకే నమ్మకం సడలింది. ఈ ఆదివారం కూర్చుని పరికరానికొక యాప్ పాస్‌వర్డ్ పెట్టుకుంటాను. ప్రవాస గారు ప్రింటర్ గురించి అన్నదే మా బిల్లుల సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపించింది. సెట్టింగుల ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పాస్‌వర్డ్ పచ్చిగా, చదువుకునేట్టుగా ఉంది. ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా దానితో మా ఉత్తరాలన్నీ చదవవచ్చు. మిర్చియార్డు గారూ, మీరూ ఒకసారి చూడండి. అలాగే ఉంటే, బిల్లులు పంపడానికే ఒక విడి మెయిల్‌బాక్సు తెరిచి, దాని యాప్ పాస్‌వర్డ్ మాత్రమే అందులో పెట్టండి. అందులో ఎవరైనా దూరినా పంపిన బిల్లులు తప్ప మరేమీ దొరకవు.

మిర్చియార్డు_లెక్కలు

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, సీజను పనిలో తీరిక దొరకలేదు. ఫిబ్రవరి రెండో ఆదివారం పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగుకు ముగించాము. బిల్లుల సాఫ్ట్‌వేర్‌లో పాస్‌వర్డ్ పచ్చిగానే కనిపించింది, దానికి విడి మెయిల్‌బాక్సు తెరిచాము. ఎగుమతుల చిరునామాను గ్రూపుగా మార్చాము, పాత ఉత్తరాలున్న మెయిల్‌బాక్సును షావుకారు గారూ నేనూ మాత్రమే తెరవగలము. డాలస్ అబ్బాయి తన ఫోనులో తన సొంత ఆథెంటికేటర్ పెట్టుకున్నారు. జీమెయిల్ ఖాతాలూ, ఆగిపోయిన అవుట్‌లుక్ డాట్ కామ్ ఖాతా కూడా థండర్‌బర్డ్‌లో ఓఆత్‌తో తెరుచుకున్నాయి. రెండోదానికి పంపే సర్వర్ మార్చడం నేనూ మరచిపోయాను, కృష్ణలంక గారి జవాబు మళ్లీ చదివి సరిచేసుకున్నాను.

మార్చి 1న ఆగిపోయింది ఒక్కటే. కోల్డ్ స్టోరేజీ దగ్గరి మా మనిషి ఫోను మరీ పాతది, దానికి టీఎల్‌ఎస్ 1.2 అందడం లేదు. ఆయనకు వేరే ఫోను ఇచ్చాము. స్కానర్ పెన్ డ్రైవ్‌తో నడుస్తోంది, గుమాస్తాలు సణుగుతున్నారు. షావుకారు గారి కొత్త కంప్యూటర్ మే నెలకు వాయిదా పడింది, అంతదాకా థండర్‌బర్డ్ 115. హోస్టింగ్ వారు ఇచ్చిన బ్యాకప్ కోడ్‌ల కాగితాన్ని మాత్రం ఆయన నా చేతికి ఇవ్వలేదు. మడిచి, ఇనప్పెట్టెలో పాత దస్తావేజుల మధ్య పెట్టి తాళం వేసుకున్నారు.